తాటిగుంపు ఛత్రి

మే 17, 2007

మూర్తి గారిది మళ్ళీ అదే పాట. "శాటిలైట్ అంటే అంతేనమ్మా విజయా, సర్దుకోవాలి." హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా చెప్తారు పెద్దసారు. సర్దుకోవాల్సింది ఎవరు? తాటిగుంపులో జ్వరంతో మూలుగుతున్న జనం. వాళ్ళ వేలు గుచ్చి, రక్తం చుక్క గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపులోంచి ఫోటో తీసి భద్రాచలం దవాఖానాకు పంపడం ఊరి ఆరోగ్య కార్యకర్త నాగమణి పని. చూసి మలేరియా అవునో కాదో, ఏ రకమో చెప్పడం డాక్టర్ గారి పని. ఆ ఫోటో ఆయన దగ్గరికి చేర్చడం నా పని. అందుకే కదా అడవి మధ్యన అంత పెద్ద డిష్షు నిలబెట్టాం! గొడుగులా ఉందని ఊళ్ళోవాళ్ళు దాన్ని ఛత్రి అంటారు.

ఇవాళ ఒక్క ఫోటో... సగం పోవడం, ఆగడం. మళ్ళీ మొదటి నుంచి. పొద్దున మొదలుపెట్టింది సాయంత్రానికి కూడా పోలేదు. చివరికి నాగమణి పలకలన్నీ డబ్బాలో పేర్చి భద్రాచలం పోయే చర్ల బస్సు డ్రైవర్ చేతికిచ్చింది. ఛత్రి రాకముందు చేసినట్టే. జవాబు ఇక వారానికి. నా ముందే ఇచ్చింది. తల కొట్టేసినట్టయింది.

మే 18

వానాకాలం అయ్యేదాకా ట్రయల్. పనికొస్తుందని చూపించకపోతే ఛత్రి విప్పి సత్తుపల్లి పామాయిల్ ఫ్యాక్టరీకి. మూర్తి గారు మెత్తగానే చెప్పారు. మెత్తటి కత్తి ఆయన.

విప్పనిస్తానా!

మే 22

తాటిగుంపు. ఎండకు సెల్లు కూడా కాలుతోంది. నాగమణి గది బయట తునికాకు కల్లం, బీడీల ఆకు కొనే చోటు. ఆడవాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి తెంపిన ఆకు కట్టలు తెచ్చి వరసగా పరుస్తున్నారు. జోగమ్మ అవ్వ అందరికంటే ముందుంది. ఆకు లెక్క రాసుకునే కల్లేదారు ఒక చూపు చూశాడు. "లెక్కల పడ్డయ్, పో అవ్వా." అంతే. ఆమె తువ్వాలు దులుపుకుని చెట్టు కింద కూర్చుంది. ఇక ఆ ఆకు గోదాముకు ఎప్పుడు చేరుతుంది, ఏ లారీలో... అదంతా కల్లేదారు తలనొప్పి.

చూస్తూ చూస్తూ నవ్వొచ్చింది. నా లింకు చేస్తున్న పని ఏమిటి? జోగమ్మ ఒక్క కట్ట పట్టుకుని భద్రాచలం గోదాము దాకా నడిచి, అక్కడ "ముట్టింది" అనిపించుకుని, తిరిగొచ్చి రెండో కట్ట తీసుకున్నట్టు! ఇక్కడి కంప్యూటర్ ఫోటోలో చిన్న ముక్క పంపుతుంది. అది ఆకాశం దాకా ఎక్కాలి, దిగాలి. "ముట్టింది" అన్న మాట మళ్ళీ ఎక్కాలి, దిగాలి. అప్పటిదాకా మనవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. మధ్యలో ఒక ముక్క పోతే బెదిరిపోయి ఇంకా నెమ్మదిస్తాడు.

ఛత్రి పక్కన ఒక కల్లం పెట్టాలి. అంతే!

మే 23

నా నెట్‌వర్క్ పుస్తకంలో ఇది ఉంది. రెండేళ్ళ కిందటే చదివాను, పక్కన పెన్సిల్ గీత కూడా గీశాను. చదివినప్పుడు ఎక్కలేదు, ఆకు కట్టలు చూస్తే ఎక్కింది. ఊళ్ళో ఒక చిన్న కంప్యూటర్... నాగమణి ఫోటో ఇవ్వగానే "తీసుకున్నా, పో" అనేస్తుంది. అక్కణ్ణుంచి అది దాని బాధ్యత. వెంట వెంటనే ముక్కలు తోస్తూ ఉంటుంది, ఒక్కోదానికి జవాబు కోసం ఆగదు. ఏ ముక్క పోతే ఆ ముక్కే మళ్ళీ పంపుతుంది. అవతల హైదరాబాదులో దానికి జోడీగా ఇంకో కంప్యూటర్ ఉండాలి.

అంటే మూర్తి గారు ఒప్పుకోవాలి. రామా!

మే 30

ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాను. "మూలన పడేసిన కంప్యూటర్ ఒకటి చాలు సార్, కొత్తది అడగను." "పైనుంచి ఏమంటారో..." "మంచిగైతే మీ పేరు చెప్పండి, చెడిపోతే నా పేరు." చివరికి, "నీతో వాదించే ఓపిక నాకు లేదమ్మా, పెట్టుకో."

జూన్ 5

పెట్టాను. రాత్రింబవళ్ళు దానితోనే ఉండి, ఒక్కో సెట్టింగు నా చేత్తో పెట్టాను. నాగమణి మీట నొక్కింది, ఫోటో ఎగిరిపోయింది. నమ్మలేక మళ్ళీ నొక్కింది. ఇద్దరం గంతులేశాం!

మధ్యాహ్నం డాక్టర్ గారి ఫోన్. ఇక్కడి ఫోనూ ఛత్రి మీదే కాబట్టి ఒక్కో మాటా వెనకబడి వస్తుంది, ఎదుటివాళ్ళు ఆగిందాకా ఆగి మాట్లాడాలి. ఆయనకది అలవాటు లేదు, తిట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఏందమ్మా ఇది, ముగ్గుపిండి చల్లినట్టున్నది! పురుగు మధ్యల ఊదా చుక్క చూసి చెప్పాలె నేను. ఆ చుక్కే లేకపోతే జాతకం చెప్పాల్నా?"

తొందరగా పోవాలని ఫోటోను మరీ పిండేశాను. వేగం చూసుకున్నాను, చుక్క చూసుకోలేదు. ముఖం మాడ్చుకుని కూర్చున్నాను.

జూన్ 7

నాగమణి బంగారం. "అక్కా, మైక్రోస్కోపుల కనబడేది గుండ్రంగనే గద. సుట్టూత నల్లగ ఉన్నదంత ఎందుకు పంపుడు?" ఆ నలుపంతా కత్తిరించేశాం. గుండ్రం మాత్రం ఉన్నదున్నట్టు, పిండకుండా. పైగా ఈ కంప్యూటర్ మాకు చెప్పకుండా తనంతట తాను ఏవేవో అప్‌డేట్లు దించుకుంటోంది, దొంగముండ. సగం దారి అదే తినేస్తోంది! దాన్నీ ఆపేశాను.

డాక్టర్ గారు: "ఇప్పుడు సరిగ్గ ఉన్నది." ఆయన నోట అంతకంటే రాదు. ఆ మాట చాలు నాకు.

జూన్ 12

రాసుకోవాలి ఈ రోజు. జోగమ్మ కోడలికి మూడు రోజులుగా జ్వరం, వణుకు. నాగమణి పొద్దున్నే ఫోటోలు పంపింది. అన్నం వండుకునేలోపు డాక్టర్ గారి ఫోన్. "నాగమణీ, రెండో మనిషిది చెడ్డ రకం. మెదడుకు ఎక్కుతది. మందు ఇప్పుడే మొదలుపెట్టు, ఆలస్యం చెయ్యకు." ఇప్పుడే. వారం తర్వాత కాదు, బస్సు వచ్చాక కాదు. ఇప్పుడే! కోడలి చేత మాత్రలు మింగించడం నా కళ్ళతో చూశాను.

తిరుగు బస్సులో భద్రాచలం దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. కండక్టర్ అనుమానంగా చూశాడు. చూడనీ.

జూన్ 15

కోడలు లేచి కూర్చుని జావ తాగుతోంది. గుంపులోని ఆడవాళ్ళంతా పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకుని ఛత్రి దగ్గరికి వచ్చారు. కోయలో ఏదో అనుకుని ఒకటే నవ్వు. నా గురించేనని తెలుసు. నాగమణిని అడిగితే చెప్పదు.

జోగమ్మ ఛత్రి చుట్టూ తిరిగి చూసింది. "దీనికి మొఖం యాడున్నది బిడ్డా?"

నేను గొప్పగా చూపించాను. డిష్షు ముందుకు చాచిన కడ్డీ చివర తెల్లటి మూత ఉంటుందే, అది. "అగో, అదే దాని మూతి అవ్వా. పోయే మాటా వచ్చే మాటా అన్నీ అందులకెళ్ళే."

నిచ్చెన వేశారు. నేనే పట్టుకున్నాను. కోడలి అక్క ఎక్కి మూతి నిండా పసుపు దట్టంగా పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. ప్రతి శుక్రవారం పెడతామని మొక్కుకున్నారట. నా స్కూటీ కొన్నప్పుడు నేను చెయ్యలేదా? అలాంటిదే. నేను చేసిన పనికి ఒకరు దండం పెట్టడం ఇదే మొదటిసారి.

జూన్ 16

ఇల్లందుకు ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. "మేము బొగ్గుబాయిల దిగేటప్పుడు దీపానికి మొక్కేటోళ్లం బిడ్డా. పనిచేసే సామాన్ను మొక్కాలె." అమ్మకు మొత్తం మళ్ళీ మొదటి నుంచి ఆయనే చెప్తున్నాడు, ఫోన్ పెట్టడం మర్చిపోయి. విన్నాను కాసేపు.

జూన్ 30

వానలు మొదలు. తుంపర పడితే చాలు లింకు పోతోంది. గట్టి వానకు పోతే అర్థముంది. తుంపరకు కూడానా?

జూలై 6

తుంపర అక్కర్లేదు. పొద్దున మంచు పడినా పోతోంది. ఎండెక్కాక వస్తుంది. కేబుల్ మార్చాను. కనెక్టర్లు మార్చాను. ఛత్రి దిశ మళ్ళీ చూశాను, వెంట్రుకంత కూడా తేడా లేదు.

మూర్తి గారు: "అడవి కదమ్మా, తేమ. నేను ముందే చెప్పాను." ముందే చెప్పారట! జ్యోతిష్యం కూడా వచ్చు ఈయనకు.

జూలై 13

జ్వరాలు గుంపు గుంపంతా. నాగమణి పొద్దుందాక వేళ్ళు గుచ్చుతూనే ఉంది. ఫోటోలన్నీ నా కల్లంలో పేరుకుపోతున్నాయి, పోయే దారి లేదు. వాగు పొంగి బస్సు లేదు. బస్సూ లేదు, ఛత్రీ లేదు. ఆమె పలకల మీద పేర్లు రాసుకుంటూ పోయింది. నన్ను తిడితే బాగుండేది.

శుక్రవారం కాబట్టి ఆడవాళ్ళు వానలోనే వచ్చి మూతికి పసుపు పూసి పోయారు. ఈసారి ఇంకా దట్టంగా. జోగమ్మ నా చెయ్యి పట్టుకుని, "అలిగినట్టున్నది బిడ్డా, మంచిగైతది తియ్యి" అంది. ఛత్రి సంగతో, నా సంగతో.

జూలై 21

దుమ్ముగూడెం దారిలో మాది ఇంకో ఛత్రి ఉంది. అదే డిష్షు, అదే కేబుల్, అదే అడవి. నిన్న రెండుచోట్లా ఒకే ముసురు. అది నిలబడింది, ఇది పడిపోయింది. తేమ అంటారేం మూర్తి గారూ? ఆ అడవిలో తేమ లేదా?

రేపు ముందు అక్కడికి, తర్వాత తాటిగుంపుకు. వానలోనే ఎక్కుతాను. ఏదో ఒకటి తేలాలి.

జూలై 22

అయ్యో అయ్యో అయ్యో.

దుమ్ముగూడెం దాని మూతి తెల్లగా నున్నగా ఉంది. చినుకు పడ్డది పడ్డట్టు జారిపోతోంది, తామరాకు మీద పడ్డట్టే. నడుంలోతు నీళ్ళలో వాగు దాటి, తాటిగుంపుకొచ్చి నిచ్చెన ఎక్కాను. మూతి కనపడదు. వారం వారం పూసిన పసుపు పొరలు పొరలుగా గట్టిపడి, నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. తడి గోనెపట్టా కప్పినట్టు. ఈ తరంగాలు ఉత్త పసుపును లెక్కచెయ్యవు, కానీ నీటి పొరను దాటలేవు. మంచు పడ్డా చాలు, ఆ పసుపు పట్టి ఉంచుతోంది!

చున్నీతో తుడిచాను. వాన పడుతూనే ఉంది. లోపల్నుంచి నాగమణి కేక: "సిగ్నల్ పెరుగుతున్నదక్కా! ఇంక పెరుగుతున్నది! తుడువు, ఇంక తుడువు!" నిచ్చెన మీదే నవ్వు ఆగలేదు. పడిపోయేదాన్నే. చున్నీ పసుపు, చేతులు పసుపు, ముఖం పసుపు. పెళ్ళికూతురిలా దిగాను.

మూతి ఎక్కడుందో చూపించిన మహాతల్లి ఎవరు? నిచ్చెన పట్టుకున్న మహాతల్లి ఎవరు? నేనే కదా. ఇంజనీరునట!

పేరుకున్న ఫోటోలన్నీ సాయంత్రానికి వెళ్ళిపోయాయి. ఒక్కటి తప్పిపోలేదు. నా కల్లం మాత్రం ఒక్క కట్ట పారెయ్యలేదు. అది రాసుకోవాలి.

జూలై 24

జోగమ్మకు ఎలా చెప్పాలి? మొక్కు ఆపమంటే బాధపడుతుంది. నాగమణి: "నువ్వే చెప్పు అక్కా, నాతోని కాదు. ఆమె మా చిన్న నాయనమ్మ."

చెప్పాను. "అవ్వా, మూతికి పసుపు పెడితే దానికి ఊపిరి ఆడ్తలేదు."

జోగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మొఖం యాడున్నదంటే నువ్వే జూపెడితివి గదనే."

"అవ్, నేనే. తప్పయింది."

"గట్లయితే ముందుగాలనే చెప్పరాదా!" నవ్వింది. ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా. "పసుపు కాళ్ళకు పెడ్తరు గని మూతికెవరు పెడ్తరు? కాళ్ళకే పెడ్తం. దీనికి కాలు ఒక్కటే ఉన్నది, పసుపు మిగుల్తది."

స్తంభం మొదట్లో ఒక రాయి నాటారు. పసుపు పూసి, బొట్టు పెట్టి, దారం చుట్టారు. పైన మూతి తెల్లగా మెరుస్తోంది. అందరికీ బాగానే ఉంది. ఇంత తేలికా!

ఆగస్టు 9

ముసురులో కూడా నిలబడుతోంది. మరీ కుండపోతగా కురిస్తే కాసేపు పోతుంది, మబ్బు విడగానే ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకుంటుంది. మొదటి నుంచి మొదలుపెట్టే పాడు అలవాటు మానింది. వాగు ఇంకా దిగలేదు, బస్సు రావడం లేదు. అయినా పొద్దున గుచ్చిన వేలికి పొద్దుగూకేలోపు జవాబు. డాక్టర్ గారు పోయినసారి తెచ్చి పెట్టిన మాత్రల డబ్బా నాగమణి దగ్గర సగానికి వచ్చింది.

ఆకాశం దాకా పోయి రావాలి ఆ రక్తం చుక్క బొమ్మ! పోయి వస్తోంది. నేను పంపుతున్నాను. ఎవరితోనూ అనను, అంటే గర్వం అంటారు. గర్వమే. ఇక్కడ రాసుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

ఆగస్టు 17

డాక్టర్ గారు దవాఖానాలో ఎదురుపడ్డారు. టీ ఇప్పించారు. "ఈ ఏడు ఆ గుంపు నుంచి నాకు చెడ్డ కబురు రాలేదమ్మా." టీ చల్లారిపోయాక తాగాను.

ఆగస్టు 29

మూర్తి గారి ఫోన్. గొంతు మరీ మెత్తగా ఉంది. అప్పుడే భయమేసింది.

"జూలై రిపోర్టు చూసి పైవాళ్ళు సంతకం పెట్టేశారమ్మా. ఛత్రి సత్తుపల్లికి."

"వానాకాలం అయ్యేదాకా అన్నారు కద సార్! ఆగస్టు చూడండి!"

"నేను చూశాను. వాళ్ళు చూడాలి కదా."

"చూపించండి మరి. అందుకే కద మీరున్నది!" అరిచాను. పక్క గదివాళ్ళు తలుపు తీశారు. ఆయన కోపగించుకోలేదు. "మళ్ళీ రాస్తాను. కానీ ఫిట్టర్లు బయల్దేరుతారు విజయా. ఆపడం నా చేతిలో లేదు."

అన్నం తినలేదు.

ఆగస్టు 31

నాగమణికి చెప్పాను. ఛత్రి ఫోన్‌లో మాట ఎప్పుడూ వెనకబడే వస్తుంది. ఇవాళ మరీ వెనకబడింది. "గిప్పుడు పలకలు మల్ల డబ్బాల పెట్టాల్నా అక్కా?" అంది.

ఏం చెప్పను. జూలైలో మూతికి పసుపు ఉందని ఏ రిపోర్టులో రాస్తారు? రాస్తే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అని అదీ రాసి పంపాను మూర్తి గారికి. నేను మూతి చూపించిన సంగతితో సహా.

సెప్టెంబర్ 3

ఫిట్టర్లు ఇవాళ తాటిగుంపుకు పోయారు. నాకు రావద్దని ఆర్డర్. వస్తే గొడవ చేస్తానని తెలుసు వాళ్ళకు. తెలివైనవాళ్ళే.

మధ్యాహ్నం ఫోన్. పెద్ద ఫిట్టర్ సత్యం. ఎక్కణ్ణుంచి చేస్తున్నాడంటే, ఛత్రి ఫోన్ నుంచి! ఏ ఛత్రిని విప్పాలో దానిలోంచే.

"మేడం, వీళ్ళు స్తంభం ముట్టనిస్తలేరు. దాని కాడ రాయి నాటి దేవుని గద్దె లెక్క చేసిన్రు. సుట్టూత ఆడోళ్ళు కూసున్నరు. మొక్కు తీరకముందు కదిలిస్తే ఊరికి మంచిది గాదంట."

నేను నాటించిన రాయి. నా చేత్తో చోటు చూపించాను, వాన నీళ్ళు నిలవని వైపున. ఫోన్ చెవికి పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి.

"మొక్కు ఎప్పుడు తీరుతదట సత్యం?"

అతను అడిగాడు. అవతల జోగమ్మ గొంతు. ఆ మాట ఎక్కి, దిగి, నా దగ్గరికి వచ్చేసరికి కాస్త పట్టింది.

"ఊళ్ళె జరాలన్నీ పోయినంకనట మేడం."

మూర్తి గారికి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ ఫోన్ ఛత్రిది కాదు, మామూలుదే. "రేపు పొద్దున పైవాళ్ళతో మాట్లాడతాను. వాళ్ళను అక్కడే ఉండమను" అన్నారు. రేపు ఏమంటారో. పోలీసులను పంపుతారా, కాగితం వెనక్కి తీసుకుంటారా...

పొద్దుగూకే ముందు మళ్ళీ ఫోన్. ఈసారి నాగమణి. ఫిట్టర్లకు జోగమ్మ ఇంట్లోనే అన్నం పెట్టారట. సత్యం తినలేదట. మొన్నటిదాకా చింతూరు అడవిలో పనిచేసి వచ్చాడు, ఒళ్ళు కాలుతోంది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. వేలు గుచ్చింది.

"ఫోటో ఇప్పుడే పంపిన అక్కా. వాన బాగున్నది, అయినా అవతల ముట్టింది. డాక్టర్ సార్ ఇంక చెప్పలే."

స్పానర్లన్నీ వరండాలోనే ఉన్నాయట. నేనూ ఫోన్ పక్కనే కూర్చున్నాను.